పుట్టించినవారే సాగనంపవలెను

పై తరగతుల విద్యార్థులకు నేను సి భాషలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్పుచున్నాను. 1972వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ గారు రూపొందించిన యీ భాష నేటికిని వాడుకలో నున్నది. మనము తీసికొనినదానిని మనమే తిరిగి యిత్తుమని యీ భాష నమ్మును. వెనుక వచ్చి శుభ్రము చేయువా రెవరును లేరు.

ఒకే ప్రోగ్రామునందు పెక్కు పనులు కలసి సాగవలసినపుడు థ్రెడ్లను పుట్టింతుము. థ్రెడ్డనగా దారము. మగ్గముపై దారములన్నియు నొకే బట్టకు చేరునట్లు, ఈ థ్రెడ్లన్నియు నొకే మెమొరీని పంచుకొనును. వీనికై 1995లో పోసిక్స్ ప్రమాణము వెలువడెను. 2011 నాటి సి ప్రమాణమునందును వీనికి చోటు దొరకెను.

పుట్టించుట సులభము, పీథ్రెడ్ క్రియేట్ అను నొక్క పిలుపు చాలును. పని ముగిసిన థ్రెడ్డు తానే పూర్తిగా తొలగిపోవునని పిల్లలు తలంతురు. అట్లు గాదు. దాని ఫలితము నెవరైన నడుగుదురేమో యని వ్యవస్థ దాని వివరములను అట్టిపెట్టును. పీథ్రెడ్ జాయిన్‌తో మనము వేచియుండి ఫలితమును గైకొనిన పిమ్మటనే యవి విడుదల యగును. ఫలితముతో పని లేనిచో పీథ్రెడ్ డిటాచ్‌తో దానికి సెలవీయవలెను. ఈ రెంటిలో నొకటి తప్పక చేయవలెను, రెండును చేయరాదు.

థ్రెడ్డు ముగిసినను, అది మాలాక్‌తో తీసికొనిన మెమొరీ గాని, తెరచిన ఫైలు గాని తమంతట విడువబడవు. సాధారణ మ్యూటెక్సుకు తాళము వేసి, తీయకయే థ్రెడ్డు వెడలిపోయినచో, ఆ తాళమునకై వేచిన తక్కినవి యెన్నటికిని వేచియే యుండును. నడుమ రద్దగు థ్రెడ్ల కొరకు పీథ్రెడ్ క్లీనప్ పుష్ అను సాధనము కలదు. దానితో ముందుగా నమోదు చేసిన శుభ్రతాకార్యములు, కడపటిది మొదటగా, రద్దు సమయమున జరుగును.

ఒకనాడు తరగతిలో నొక బాలిక, "అయ్యగారూ, ప్రోగ్రాము ముగిసినపుడు ఆపరేటింగ్ సిస్టమే మెమొరీని తీసికొనును గదా, మనకీ శ్రమ యేల?" అని యడిగెను. ఆమె చెప్పినది నిజమే. క్షణములో ముగియు అభ్యాసమునకు నష్టము కానరాదు. కాని దినములతరబడి యాగక నడచు సర్వరును తలపుడు. వచ్చిన ప్రతి కోరికకు నొక థ్రెడ్డు పుట్టి, జాయిన్ గాక, డిటాచ్ గాక మిగిలిపోయినచో, తుదకు క్రొత్త థ్రెడ్డును పుట్టించుటయే కుదరదు. అపుడు తప్పు వ్రాసినవారు ఎదుట నుండరు. ఆసుపత్రిలోనో, రైలు టిక్కెట్ల వరుసలోనో నిలిచినవారు కష్టపడుదురు.

కావున మా తరగతిలో నొక నియమ మేర్పడినది. థ్రెడ్డును పుట్టించు ప్రతి పంక్తి ప్రక్కను, దాని నెవరు, ఎప్పుడు జాయిన్ చేయుదురో, లేక డిటాచ్ చేయుదురో, వ్యాఖ్యగా వ్రాయవలెను. ఆ వ్యాఖ్య లేనిచో, జవాబు సరియైనను నేను పూర్తి మార్కులు వేయను. తల్లిదండ్రులు దీనిని కాఠిన్యముగా నెంచకుందురు గాక.