రాత్రిపూట కూర్చునే చోటు

న్యూజెర్సీలో పాత డైనర్ ఏదైనా మూతపడుతోందంటే స్థానిక పత్రికలు దాదాపు ఒకే ఫొటో వేస్తాయి. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు గోడ, ఎర్ర రెగ్జిన్ సీట్లు, బల్ల మీద చిన్న జూక్‌బాక్స్, పైన నియాన్ అక్షరాలు. ఆ ఫొటో చూసి మనసు చివుక్కుమనేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఏళ్ల తరబడి కాపురముంటున్న కుటుంబాలకు డైనర్ కూడా ఊళ్లో ఒక భాగమే. శాకాహారులకు సైతం ఏ వేళలో వెళ్లినా పాన్‌కేకులో, చీజ్ పెట్టి కాల్చిన రొట్టో, వేయించిన బంగాళాదుంప ముక్కలో దొరికే చోటు అది. ఆ బెంగ నాకూ ఉంది. అయితే ఆ బెంగ స్టీలు మీదా నియాన్ మీదా పెట్టుకోవడం నాకు సరిగా అనిపించదు. అవెక్కడికీ పోలేదు. కొత్తగా పెట్టే రెస్టారెంట్లు వాటిని పనిగట్టుకుని చేయించుకుంటున్నాయి. మన చేతుల్లోంచి జారిపోయింది రాత్రి. అర్ధరాత్రి దాటాక ఒంటరి మనిషి ఒక కాఫీ డబ్బులతో వెళ్లి, దీపం కింద, మరో నలుగురి మధ్య కూర్చోగలిగిన చోటు. అన్నిటికన్నా ముందు కాపాడుకోవలసింది దాన్నే అని నా వాదన.

చరిత్ర ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది. డైనర్ పుట్టిందే రాత్రి పని చేసేవాళ్ల కోసం. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన ఒక గుర్రబ్బండిని ‘ప్రావిడెన్స్ జర్నల్’ పత్రిక కార్యాలయం దగ్గర నిలబెట్టి శాండ్‌విచ్‌లు, ఉడికించిన గుడ్లు, పై ముక్కలు, కాఫీ అమ్మడం మొదలుపెట్టాడు. పొద్దు వాలాక భోజనశాలలు మూసేసేవాళ్లు, పత్రిక అచ్చయ్యేదేమో రాత్రి. అచ్చు పనివాళ్ల ఆకలికి ఆ బండే దిక్కు. కానీ తినేవాళ్లు వీధిలో నిలబడే తినాలి. 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో శామ్యూల్ జోన్స్ మనుషులు లోపలికి ఎక్కి తినగలిగే బండిని రోడ్డు మీదికి తెచ్చాడు. వానలో, మంచులో తడవకుండా తినే వీలు అప్పుడే కలిగింది. ఆ బండ్లను జనం గుడ్లగూబలు అని పిలుచుకునేవారు. తాగుడు మాన్పించాలని పూనుకున్న చర్చి సంఘం ఒకటి 1893లో న్యూయార్క్‌లో అలాంటి బండ్లే నడిపింది. రాత్రి తెరిచి ఉండేవి సారా దుకాణాలే అయినప్పుడు మనిషి అక్కడికి కాక ఇంకెక్కడికి వెళ్తాడన్నది ఆ సంఘం ఆలోచన. డెట్రాయిట్‌లో ఎడిసన్ ఇల్యూమినేటింగ్ కంపెనీలో రాత్రి షిఫ్టు చేసే రోజుల్లో హెన్రీ ఫోర్డ్ ఇలాంటి బండి దగ్గరే తినేవాడు. తర్వాత కోటీశ్వరుడయ్యాక, 1927లో, ఆ బండినే కొని తన మ్యూజియంలో పెట్టుకున్నాడు.

ఈ బండ్లు వీధుల్లోంచి లేచి స్థిరంగా ఒక స్థలంలో కుదురుకున్నాక కూడా ఆ రాత్రి స్వభావం పోలేదు. అందుకు కారణం వాటి ఆకారంలోనే ఉంది. వూస్టర్ లంచ్ కార్ కంపెనీ, న్యూజెర్సీలో జెర్రీ ఓ మాహనీ, కుల్‌మన్, ఫొడెరో, ప్యాటర్సన్‌లో సిల్క్ సిటీ పేరుతో అమ్మిన కంపెనీ, వీళ్లంతా డైనర్లను ఫ్యాక్టరీలో కట్టి, రైలు మీదో లారీ మీదో చేరవేసి, పునాది మీద దించేవాళ్లు. దారిలో పట్టాలి కాబట్టి అవి రైలు పెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండేవి. లోపల పొడుగునా ఒకే కౌంటర్. దాని ముందు నేలకు బిగించిన గుండ్రటి స్టూళ్లు, కాళ్లు ఆనించుకునే కమ్మీ. కౌంటర్ వెనక గోడ వారన పెనం, కాఫీ పాత్ర. వంటవాడు పెనం మీద గుడ్డు తిరగేసి, రెండడుగులు వేసి కప్పులో కాఫీ నింపి, మరో అడుగు వేసి డబ్బు తీసుకోగలడు. అంటే నడిరాత్రి వేళ ఒక్క మనిషి కొట్టంతా నడపగలడు. నలుగురే వచ్చినా గిట్టుబాటయ్యేది అందుకే. 1960ల తర్వాత డైనర్లు రాతి గోడలతో, షాండ్లియర్లతో, వందల సీట్లతో, పుస్తకమంత మెనూతో పెరిగాయి. వ్యాపారం పెరిగిందేమో గానీ, రాత్రి మూడింటికి అంత పెద్ద భవనానికి దీపాలూ, హీటరూ, మనుషులూ కావాలి. ఆ ఖర్చు నలుగురు తాగే కాఫీతో తీరదు. చిన్న డైనర్ అందాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ చిన్నతనమే దాని ఆర్థిక బలమన్న సంగతిని కూడా గమనించాలి. జెర్సీ సిటీలోని వైట్ మానా 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం కట్టినది, 1946లో ఇక్కడికి తెచ్చారు. దాని కౌంటర్ గుండ్రంగా ఉంటుంది. మధ్యలో నిలబడ్డ వంటవాడికి చుట్టూ ఉన్న ప్రతి గిరాకీ చేతికందే దూరమే.

ఆ కౌంటర్‌కు ఇంకో గుణం ఉంది. ఒంటరిగా వచ్చినవాణ్ణి అది చిన్నబుచ్చదు. నలుగురు పట్టే బల్ల దగ్గర ఒక్కడే కూర్చుంటే మూడు కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి, ఇక్కడ ఆ బాధ లేదు. పక్కవాడితో మాట్లాడాలంటే తల తిప్పితే చాలు, వద్దనుకుంటే ఎదురుగా పెనం ఉంది. దళసరి పింగాణీ కప్పు అడుగంటే లోపే ఎవరో వచ్చి మళ్లీ నింపుతారు, దానికి వేరే డబ్బు ఉండదు. లేవమనే సైగ కూడా ఉండదు. వేల మైళ్ల అవతల అమ్మానాన్నలను వదిలి వచ్చినవాడికి, భాష ఇంకా నోట తిరగనివాడికి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా మనుషుల మధ్య ఉండగలగడం ఎంత ఊరటో ప్రవాసంలో తొలి ఏళ్లు గడిపిన ఎవరికైనా తెలుసు.

దీనికి మొదటి అభ్యంతరం చాలా బలమైనది. ఆ కౌంటర్ అందరిదీ కాదు. ఒకప్పుడు అది మగవాళ్ల చోటు. 1920లలో ఆడవాళ్లను రప్పించడానికి ప్రత్యేకంగా బోర్డులు కట్టి, పక్కన బల్లలు వేయాల్సి వచ్చింది. అంతకన్నా ఘోరం రంగు పట్టింపు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్వర్త్ దుకాణంలో సామాన్లు కొని, అక్కడి ఫలహారాల కౌంటర్ ముందు కూర్చున్నారు. డబ్బు పుచ్చుకోవడానికి ఒప్పుకున్న దుకాణం కూర్చోబెట్టి కాఫీ పోయడానికి ఒప్పుకోలేదు. 1961లో మేరీలాండ్‌లో రూట్ 40 మీద ఆఫ్రికా దేశాల రాయబారులనే వెళ్లగొడితే కెనెడీ ప్రభుత్వం కలగజేసుకోవాల్సి వచ్చింది. మనకూ ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1955లో హ్యూస్టన్ విమానాశ్రయం రెస్టారెంట్లో భారత రాయబారి జి.ఎల్. మెహతాను, ఆయన చర్మం రంగు చూసి, కూర్చున్న చోటి నుంచి వేరే గదిలోకి వెళ్లమన్నారు. విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డలెస్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఇదంతా తెలిసి కూడా పాత రోజులు బంగారమంటే అది అబద్ధమే. అయితే నా వాదనకు ఈ చరిత్ర అడ్డు రాదు, దన్నుగా నిలుస్తుంది. ఆ నలుగురు కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి అడిగింది ఒక స్టూలు. కొనుక్కుని బయటికి పోయే హక్కు వాళ్లకు అప్పటికే ఉంది. నలుగురిలో కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. 1964 పౌర హక్కుల చట్టం ఆ హక్కును దేశమంతటా స్థిరపరిచింది. మరుసటి ఏడు వచ్చిన వలస చట్టం పుణ్యమా అని మనవాళ్లు ఈ దేశానికి పెద్ద సంఖ్యలో రాగలిగారు. వచ్చేసరికి ఆ స్టూలు మనకూ సిద్ధంగా ఉంది. ఇంకొకరు దెబ్బలు తిని సంపాదించి పెట్టినదాన్ని మనం గట్టిగానే పట్టుకోవాలి.

రెండో అభ్యంతరం లెక్కలవాళ్లది. ఫ్యాక్టరీలు పోయాయి, మూడు షిఫ్టులు పోయాయి, రాత్రి గిరాకీ లేదు, అందుకే తలుపులు మూశారంటారు. మూతపడ్డ ప్యాటర్సన్ మిల్లుల సంగతి నిజమే. కానీ రాత్రి పని ఈ రాష్ట్రం వదిలి ఎక్కడికీ పోలేదు. న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి మీద ఎగ్జిట్ 8ఏ చుట్టుపక్కల గోదాములు తెల్లవార్లూ నడుస్తాయి. ఆసుపత్రులు, నెవార్క్ విమానాశ్రయం, ఓడరేవు, పెట్రోలు బంకులు, ట్యాక్సీలు, ఇంటింటికీ సరుకు చేరవేసే బండ్లు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఇండియాలో ఉదయం తొమ్మిదిన్నర అయ్యేసరికి ఇక్కడ రాత్రి పదకొండో పన్నెండో అవుతుంది కాబట్టి మన సాఫ్ట్‌వేర్ వాళ్లకూ రాత్రే ఆఫీసు. వీళ్లందరికీ ఆకలి వేస్తుంది. వాళ్లకు కాఫీ దొరుకుతోంది కూడా. వావా లాంటి దుకాణాలు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటాయి, కాఫీ బాగానే ఉంటుంది. చాలాచోట్ల లేనిదల్లా కూర్చునే చోటు. కప్పు పట్టుకుని కారులోకి వెళ్లి, స్టీరింగ్ ముందు కాగితం పరిచి, ఒక్కడే తినాలి. వాల్టర్ స్కాట్ బండి ముందు నిలబడి తిన్న అచ్చు పనివాడికి కనీసం పక్కన ఇంకో అచ్చు పనివాడు ఉండేవాడు.

ఇక కాఫీ షాపులున్నాయి కదా అన్న మాట. పగటికి సరే, ల్యాప్‌టాప్ తెరుచుకుని రెండు గంటలు కూర్చోవడానికి సరే. కానీ ఇంటికీ పనికీ మధ్య మూడో చోటునంటూ పేరు తెచ్చుకున్న స్టార్‌బక్స్ చరిత్రే చూడండి. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో ఏమీ కొనకుండా ఒక పరిచయస్తుడి కోసం కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు సంకెళ్లేసి తీసుకెళ్లారు. దేశమంతా గగ్గోలు పుట్టాక, కొనకపోయినా కూర్చోవచ్చని ఆ కంపెనీ ప్రకటించింది. 2025 జనవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. వ్యాపారులుగా వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నేను చెప్పేదల్లా, పైనుంచి వచ్చే విధానం మీద ఆధారపడ్డ చోటు విధానం మారగానే పోతుందని. డైనర్‌లో ఎవరు ఎంతసేపు కూర్చోవాలన్నది కౌంటర్ వెనకున్న మనిషి మొహం చూసి తేల్చుకునే విషయం. అందులో పక్షపాతానికీ చోటుంది, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ పక్షపాతాన్ని అదుపు చేసే చట్టముంది. కంపెనీ నియమావళి చేత దయ చూపించే చట్టమేదీ లేదు.

నాకు జవాబు కష్టంగా తోచే అభ్యంతరం వేరే ఉంది. తెల్లవార్లూ తెరిచి ఉంచినవాళ్లు ఎవరు? న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో చాలా డైనర్లను నడిపింది గ్రీకు కుటుంబాలు. అన్న పెనం దగ్గర, తమ్ముడు గల్లాపెట్టె దగ్గర, వదిన బల్లల దగ్గర. పండుగా పబ్బమూ లేకుండా వంతులేసుకుని పనిచేశారు కాబట్టే ఆ దీపం ఆరలేదు. వాళ్ల పిల్లలు చదువుకుని డాక్టర్లో లాయర్లో అయ్యారు, కౌంటర్ వెనక్కి రాలేదు. హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లదీ ఇదే కథ. బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీ కుటుంబాలు పాలరాతి బల్లలేసి, ఒక చాయ్‌తో గంటలకొద్దీ కూర్చోనిచ్చాయి. తర్వాతి తరం ఇతర ఉద్యోగాలు వెతుక్కుంది, మూలమీద స్థలం ధర చుక్కలనంటింది. రెండు చోట్లా వలసవాళ్ల నిద్ర ఖర్చయితేనే ఊరికి ఆ సుఖం అమరింది. మన పిల్లలను ఆ పనిలో పెట్టడానికి సిద్ధంగా లేని మనం ఇంకొకరి పిల్లలు పెట్టలేదని బాధపడటం న్యాయమేనా? న్యాయం కాదు. అందుకే ఈ భారం ఒక కుటుంబం మీద వేయకూడదంటాను. కుటుంబాలే అక్కర్లేదని చూపించే ఉదాహరణ కూడా ఉంది. 1955లో జార్జియాలో మొదలైన వాఫుల్ హౌస్ దక్షిణాది రాష్ట్రాల్లో ఇప్పటికీ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. చిన్న గది, కౌంటర్, కళ్లెదుటే పెనం, షిఫ్టులకు జీతాలు. తుఫాను వచ్చినప్పుడు అది తెరిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి నష్టం అంచనా వేసే అలవాటు విపత్తు సహాయ అధికారులకే ఉంది. అక్కడి జీతాలు చాలవని పనివాళ్లు అంటున్నారు, ఆ మాట వినాలి. రాత్రి పనికి పగటి కన్నా ఎక్కువ కూలి ఇవ్వాల్సిందే, ఆ మేరకు గుడ్ల ధర పెరిగితే తినేవాళ్లం భరించాల్సిందే.

పాత డైనర్ భవనాలను చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చడం మంచి పనే. కానీ ఆ రక్షణ గోడలకే, తలుపు తెరిచే వేళలకు కాదు. గోదాములకు అనుమతులిచ్చే టౌన్‌షిప్ బోర్డులు పార్కింగ్ ఎంత, చెట్లెన్ని, వాననీరు ఎటు పోతుంది అని అడుగుతాయి. రాత్రి పనివాళ్లు కూర్చుని తినడానికి పది స్టూళ్ల కౌంటర్ ఎక్కడుందని కూడా అడగవచ్చు. ఆసుపత్రులూ, రైల్వే స్టేషన్లూ తమ అద్దె షరతుల్లో ఇదే పెట్టవచ్చు, అందుకు బదులుగా అద్దె తగ్గించవచ్చు. బోర్డు సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్ లాంటి ఊళ్లలో ఓట్లున్న తెలుగువాళ్లు తక్కువేమీ లేరు, గుడి కోసం, క్రికెట్ మైదానం కోసం అదే మైకు ముందు నిలబడ్డ అనుభవమూ మనకుంది.