మంచు పలక మీద నాలుగు రోజులు: సోలాపూర్ నుంచి ఆల్మాటీ

విదేశం అంటే మన వాడల్లో దుబాయి, మస్కట్, కువైట్. పాస్‌పోర్టు తీసిండంటే పనికి పోతున్నడనే లెక్క. ఆడుకోనీకి పోతమంటే ఎవరూ నమ్మరు. చాదర్, టవల్ కార్ఖానాల్లో పనిచేసే మేం నలుగురం దోస్తులం ఫిబ్రవరిలో కజకిస్తాన్‌లోని ఆల్మాటీకి పోయి, మంచుకొండ మీద స్నోబోర్డు నేర్చుకొని వచ్చినం. నడుమ ఏ టూరు కంపెనీ లేదు. అన్నీ మేమే చూసుకున్నం. పోదామనుకునే పిల్లలకు పనికొస్తదని రాస్తున్న.

మన దేశంలోనే గుల్మార్గ్ ఉంది కదా అని చాలామంది అడిగిండ్రు. ఉంది, మంచిదే. కాని కూలి కోసం కాకుండా పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర పడాలని మా నలుగురికీ ఉండె. యూరప్‌కు పోదామంటే వీసా ఫీజు, బ్యాంకు కాగితాలు మనతో కాని పని. కజకిస్తాన్ మాత్రం 2022 జూలై నుంచి భారతీయులను 14 రోజుల వరకు వీసా లేకుండానే రానిస్తున్నది. ఢిల్లీ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల లోపు ప్రయాణం. మేం సోలాపూర్ నుంచి ఢిల్లీకి రైల్లో పోయిందే ఒక రోజుకు పైగా పట్టింది! వాళ్ల గడియారం మనకంటే అరగంటే వెనుక.

పైసల సంగతి. పద్నాలుగు నెలలు చీటీ లెక్కన నెలనెలా తలా ఇంత వేసినం. మొత్తం ఖర్చులో సగం విమానానికే పోయింది. మిగతాది తగ్గడానికి కారణం ఒక్కటే: కొండ మీద హోటల్ తీసుకోలేదు. ఆల్మాటీ 20 లక్షలకు పైగా జనం ఉన్న పట్నం. అక్కడ ఒకే గదిలో వరుస మంచాలుండే హాస్టల్‌లో ఉన్నం. పొద్దున 12 నంబరు సిటీ బస్సెక్కితే మెదెవు దాకా తీసుకపోతది. అక్కడి నుంచి తీగల మీద నడిచే డబ్బాల్లో షింబులాక్ కొండకు చేరుకోవచ్చు. బూట్లు, పలక అద్దెకు దొరుకుతయి, కొనే పని లేదు. శని, ఆదివారాలు రద్దీ ఎక్కువ, అందుకే మిగతా రోజుల్లోనే కొండెక్కినం.

మాలో ఒకడు పదో తరగతి పాస్ కాలేదు. వాని పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంది. విమానాశ్రయంల ఆపుతరని వానికి నెల రోజులు నిద్ర లేదు. ఆ నిబంధన గల్ఫ్, మలేషియా వంటి 18 దేశాలకు పనికోసం పోయేవాళ్లకు. కజకిస్తాన్ ఆ జాబితాలో లేదు. అయినా తిరుగు టికెట్టు, హాస్టల్ కాగితం, డాలర్లు అన్నీ ఒక సంచిలో పెట్టి వాని చేతికిచ్చినం. అధికారి ఎన్ని రోజులు, ఎందుకు అని అడిగిండు. "మంచులో ఆడనీకి సార్" అన్నడు వాడు. ముద్ర పడ్డది.

ఇంకో భయం అందరికంటే ముందు మా అమ్మకు పట్టింది. "కాళ్లు రెండూ పలకకు కట్టుకొని జారుతవా? చెయ్యి విరిగితే మగ్గం ఎవడు నడుపుతడు బిడ్డా?" బీడీలు చుట్టే మనిషి, చేతి విలువ ఆమెకు తెలుసు. ఆ మాట నిజం కూడా. స్నోబోర్డు నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. పడేటప్పుడు అరచెయ్యి ఆనిస్తరు, బరువంతా దాని మీద పడుతది. మనకు మీటరు లెక్కన కూలి. చెయ్యి కట్టు మీద ఉన్నన్ని వారాలు పొయ్యి మీదికి ఏం రాదు. అందుకే మణికట్టు పట్టీలు, హెల్మెట్ లేకుండా పలక ముట్టలేదు. బీమా తీసుకునేటప్పుడు మంచు ఆటలకు వర్తిస్తదా అని అడిగి, కాగితం మీద చూసుకోండి. మామూలు ప్రయాణ బీమాలో చాలాసార్లు ఉండదు.

బట్టల సంగతి చెప్తే నవ్వుతరు. మన బతుకంతా నూలుదే, కాని మంచులో నూలు పనికిరాదు. చెమటను, నీళ్లను పీల్చుకొని ఒంటిని చల్లబరుస్తది. లోపల పాలిస్టర్, మీద ఉన్ని, ఆపైన నీళ్లు దిగని జాకెట్ వేసుకోవాలి. మన చాదర్లు హాస్టల్ మంచం మీద మాత్రం బాగా పనికొచ్చినయి.

షింబులాక్ అడుగు భాగమే 2,260 మీటర్ల ఎత్తున ఉంది. పైన తల్గార్ కనుమ 3,000 మీటర్లు దాటుతది. మేం కింద పిల్లలు నేర్చుకునే వాలు దగ్గరే ఉన్నం. మొదటి రోజంతా పడుడే నేర్చుకున్నం: ముందుకు పడితే మోకాళ్లు, ముంజేతుల మీద, వెనక్కి పడితే గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నట్టు. వేళ్లు పిడికిలి బిగించే ఉండాలి. రెండో రోజు అంచు పట్టుడు. మనకు అంచు అంటే చీరదే. పలకకు రెండు పక్కలా ఇనుప అంచులుంటయి. మడమ మీద బరువేస్తే ఒకటి, కాలివేళ్ల మీద వేస్తే ఇంకొకటి మంచును పట్టి వేగం ఆపుతయి. పలక చదునుగా ఉంటే వాలు వైపు అంచు మంచులో దిగి మనిషిని విసిరికొడుతది. మూడో రోజు ఎండుటాకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ కిందికి దిగినం. నాలుగో రోజు మలుపు తిరిగినం.

మధ్యాహ్నం తిండికి ఇంటి నుంచి తెచ్చిన జొన్న కడక్ రొట్టెలు, పల్లి చట్నీ పొడి ఉన్నయి. భాష రాదు, కాని బజారును వాళ్లూ బజారే అంటరు, చాయ్‌ని చాయే అంటరు. మెదెవు పైన కొండవాగు బురద పట్నం మీద పడకుండా కట్టిన పెద్ద కట్ట ఉంది. 1966, 1967లో కొండలను పేల్చి దాన్ని లేపిండ్రు. 1973లో వచ్చిన బురద వరదను అదే ఆపింది. దాని మీదికి 842 మెట్లు, టికెట్టు లేదు.

పోదామనుకుంటే ముందు పాస్‌పోర్టు తీసుకోండి, తర్వాత చీటీ మొదలుపెట్టండి. అప్పు చేసి మాత్రం పోవద్దు. మేం వచ్చిన మరునాడే నలుగురం పనికెక్కినం. ఒళ్లంతా నొప్పులు, కాని ఎనిమిది చేతులూ బాగానే ఉన్నయి.