శని, ఆదివారాలు బొమ్మల వెంట

చిక్కడపల్లి అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది త్యాగరాయ గానసభ. ఆ తర్వాత సిటీ సెంట్రల్ లైబ్రరీ, వెంకటేశ్వరస్వామి గుడి, నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు, బావర్చీ బిర్యానీ. అశోక్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. నారాయణగూడ అంటే వైఎంసీఏ, కాలేజీలు, ఫ్లైఓవర్. ఈ మూడు పేటల్లో బొమ్మలు చూద్దాం పదండి అంటే మనల్ని వింతగా చూస్తారు. "ఆర్ట్ గ్యాలరీలా? అవన్నీ బంజారాహిల్స్‌లో కదండీ!" అంటారు.

నిజమే. ఇప్పుడు గ్యాలరీలన్నీ కొండెక్కాయి. కానీ హైదరాబాద్‌లో ఆధునిక చిత్రకళ సంగతి చెప్పుకోవాలంటే మాత్రం ఈ గల్లీల్లోంచే మొదలుపెట్టాలి. అందుకే ఈసారి శని, ఆదివారాలు రెండూ బొమ్మలకే కేటాయించాను. తోడుగా మా అక్క కొడుకును లాక్కెళ్లాను.

వాడు మూడేళ్లుగా అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. నలుగురు పిల్లలు పడుకునే గది, పొద్దున్నే లైబ్రరీలో సీటు కోసం లైను, మధ్యాహ్నం కర్రీ పాయింట్ కూర. చిన్నప్పుడు నోటుబుక్కు వెనక పేజీ ఖాళీగా ఉంచేవాడు కాదు. బడి గోడ మీద వాడు వేసిన ఎడ్లబండి చాలారోజులుంది. ఇప్పుడు గీసేదల్లా పాలిటీ పుస్తకంలో అండర్‌లైన్లే.

"చిన్నమ్మా, సండే నాకు మాక్ టెస్ట్ ఉంది" అన్నాడు ముందు.

"ఇది కూడా సిలబస్సేరా. తెలంగాణ కళలు, సంస్కృతి లేదా మీకు?"

ఆ మాటతో లొంగాడు.

శనివారం పొద్దున అశోక్‌నగర్ నుంచి ఇందిరాపార్కు వైపు నడిచాం. పార్కుకు ఇవతల దోమల్‌గూడ, గగన్‌మహల్ రోడ్డు. రామకృష్ణ మఠానికి వచ్చేవాళ్లకీ, ఏవీ కాలేజీలో చదివినవాళ్లకీ ఈ రోడ్డు బాగా తెలుసు. కానీ జగదీశ్ అండ్ కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియం ఇక్కడే ఉందన్న సంగతి ఆ చుట్టుపక్కల అద్దెకున్నవాళ్లకే తెలియదు. దేశవిదేశాల్లో దక్కన్ చిత్రకళ మీద పరిశోధన చేసేవాళ్లకు మాత్రం తెలుసు!

జగదీశ్ మిత్తల్, కమల ఇద్దరూ శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నవాళ్లు. ఇద్దరూ చిత్రకారులే. 1950ల మొదట్లో హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సుల్తాన్ బజార్ నుంచి బద్రీవిశాల్ పిత్తి నడిపిన హిందీ పత్రిక 'కల్పన'లో బొమ్మల వ్యవహారం జగదీశ్ గారు చూసేవారు. ఆ పిత్తిగారి ఇంటికే ఎం.ఎఫ్.హుస్సేన్ కూడా వచ్చి ఉండేవారు. రామ్‌మనోహర్ లోహియా సలహా మీద హుస్సేన్ రామాయణ చిత్రాలు వేసింది ఆ స్నేహంలోనే, ఈ ఊళ్లోనే.

మిత్తల్ దంపతులు కోటీశ్వరులేం కాదు. జనం పాత సామాను కింద పారేసేవాటిని ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ పోయారు. దక్కనీ సూక్ష్మచిత్రాలు, బిద్రీ పాత్రలు, కలంకారీ బట్టలు, కంచు బొమ్మలు, చేర్యాల పటాలు. 1976లో ట్రస్టు పెట్టి సేకరణ మొత్తం దానికి రాసిచ్చేశారు. కమల 2012లో పోయారు. జగదీశ్ గారు 2025 జనవరిలో, నూరేళ్లు నిండడానికి కొన్ని నెలల ముందు కన్నుమూశారు. ఇది సాలార్‌జంగ్ మ్యూజియంలా టికెట్ కొని లోపలికి పోయే చోటు కాదు. ముందుగా మాట్లాడుకుని, టైము అడిగి వెళ్లడం మర్యాద.

చేర్యాల పటం మాట రాగానే మావాడు ఠక్కున అందుకున్నాడు. "నకాషీ కళ. సిద్దిపేట జిల్లా. జీఐ ట్యాగ్ వచ్చింది."

"ఎప్పుడైనా చూశావా?"

"ఫొటో చూసిన."

అదీ సంగతి. వాళ్లకు ఇవన్నీ బిట్లు. నాలుగు ఆప్షన్లలో ఒకటి. తప్పు వాళ్లది కాదు, చూసే టైమెక్కడిది? వాడికి వాళ్ల తాతల సంగతి చెప్పాను. మాది మగ్గాల ఇల్లు. పద్మశాలీల ఇళ్లకు కూనపులి వాళ్లు పటం పట్టుకొచ్చేవాళ్లు. ఊరి మధ్య కట్టి, మార్కండేయ పురాణం రాత్రంతా చెప్పేవాళ్లు. చాకలివాళ్లకు మడేలు పురాణం. ఒక్కో కులానికి ఒక్కో పటం, దాన్ని చెప్పేందుకు ఒక్కో కులం. ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, చెట్టు బంక కలిపి పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద బొమ్మలేసేవాళ్లు. గజాల కొద్దీ పొడవుండే ఆ బట్ట చుట్టను కిందికి దించుకుంటూ పోతుంటే కథ నడిచేది. ఇవాళ షోకేసుల్లో కనిపించే చిన్న చిన్న మాస్కులు, ఫ్రేములు దాని మనవలు. మిత్తల్ సేకరణలోని పటాల మీద పెద్ద పుస్తకమే అచ్చయింది.

"మన ఇంటికి అచ్చేటోళ్లా?" అని రెండుసార్లు అడిగాడు.

మధ్యాహ్నం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తిన్నాం. ఆ చౌరస్తా గురించి ఒక మాట చెప్పాలి. నన్నడిగితే ఈ పేటలో అసలైన ఓపెన్ గ్యాలరీ అదే. సంధ్య, దేవి, సుదర్శన్, సప్తగిరి... హాలు ముందు నలభై అడుగుల హీరో కటౌట్, చేత్తో వేసిందే. చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, అదే లెక్కన పెద్ద బట్ట మీద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో ముక్క వేసేవాళ్లు. చెంప మీద నీలం రంగు, ముక్కు మీద పసుపు! దగ్గర్నుంచి చూస్తే పిచ్చి గీతలు, రోడ్డు అవతల నుంచి చూస్తే ఎన్టీఆర్. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని పోయింది. హుస్సేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నవాడే. ఆయన ఒక్కడు పెద్ద చిత్రకారుడయ్యాడు. మన చౌరస్తాలో నిచ్చెనలెక్కినవాళ్ల పేర్లు ఎక్కడా రాసిలేవు.

సాయంత్రం నారాయణగూడ. అసలు నేను వాణ్ని తీసుకొచ్చింది ఇక్కడికే.

"పి.టి.రెడ్డి అని విన్నావా?"

"పాకాల తిరుమల్ రెడ్డి. 1915. కరీంనగర్ జిల్లా అన్నారం." మళ్లీ బిట్టు.

"ఆయన ఇల్లు ఈ నారాయణగూడలోనే."

ఈసారి ఆగి నా మొహంలోకి చూశాడు. రోజూ బస్సులో దాటిపోయే చోటు మరి.

ఇంటి పేరు 'సుధర్మ'. అందులోనే తన బొమ్మలకు గ్యాలరీ ఏర్పాటు చేసుకున్నారాయన. పల్లెటూరి నుంచి చదువుకోసం హైదరాబాద్ వచ్చి, రెడ్డి హాస్టల్లో ఉన్నారు. కుర్రాడి చేతిలో బొమ్మ ఉందని గుర్తించి బొంబాయి జె.జె.స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేలా ప్రోత్సహించింది కొత్వాల్ రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి. నారాయణగూడలో అమ్మాయిల కాలేజీ ఉంది చూడండి, అది ఆయన పేరు మీదదే. నగరానికి పోలీసు పెద్దగా ఉన్న మనిషి ఒక రైతుబిడ్డ బొమ్మలు చదువుకుంటానంటే సరే అన్నాడంటే ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఈ రోజుల్లో ఎంతమంది అంటారో మీకే తెలుసు.

బొంబాయిలో పి.టి.రెడ్డి మంచి పేరు తెచ్చుకున్నారు. 1941లో మరికొందరు కుర్ర చిత్రకారులతో కలిసి 'బాంబే కాంటెంపరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్' అని ఒక బృందం పెట్టారు. అందరికీ తెలిసిన ప్రోగ్రెసివ్ గ్రూపు, అదే సూజా, రజా, హుస్సేన్‌లది, పుట్టింది 1947లో. అంటే మనవాడు ఆరేళ్లు ముందు. అయినా ఆధునిక భారతీయ చిత్రకళ చరిత్ర అనగానే పేజీలన్నీ ఆ గ్రూపుకే పోతాయి, మనవాడికి ఒక పేరా దక్కితే గొప్ప. బొంబాయిలోనే ఉండిపోయుంటే లెక్క వేరే ఉండేదని నా అనుమానం. కానీ వచ్చేశారు. నెహ్రూ మీద వరస బొమ్మలు వేశారు. 1970ల్లో తాంత్రిక చిహ్నాలతో వేశారు. నూనె రంగులు, ఎచింగులు, చెక్కబొమ్మలు... ఆయన ముట్టుకోనిది లేదు. 1996లో పోయారు.

ఆ ఇంట్లో ఇంకొకరుండేవారు. సాహిత్యం చదివేవాళ్లకు ఆమె పేరే ముందు తెలుస్తుంది. పాకాల యశోదారెడ్డి. ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసర్. పాలమూరు వైపు బిజినేపల్లి ఆడబిడ్డ. 'మా ఊరి ముచ్చట్లు', 'ఎచ్చమ్మ కథలు' ఇంట్లో మాట్లాడుకునే తెలంగాణ మాటల్లోనే రాశారు. ఈ భాషలో కథలేంటని మూతి విరిచే రోజులవి. ఒకే కప్పు కింద ఆయనేమో ఊరిని రంగుల్లో పెట్టారు, ఆమె మాటల్లో పెట్టింది. గానసభలో నెలకెన్ని సన్మానాలు జరుగుతాయో! ఈ ఇద్దరి మీద ఒక సాయంత్రం పెట్టి, నాలుగు బొమ్మలు గోడకు తగిలిస్తే ఎంత బాగుంటుంది.

ఫ్లైఓవర్ కింద చాయ్ తాగుతూ వాడు ఏం మాట్లాడలేదు. కాసేపయ్యాక, "ఇంట్లోళ్లు ఏమన్నలేదా ఆయన్ని?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం కొండెక్కాం. చిక్కడపల్లి నుంచి ఇప్పుడు కష్టం లేదు. 2020 ఫిబ్రవరిలో మెట్రో గ్రీన్ లైన్ మొదలయ్యాక చిక్కడపల్లిలో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో బ్లూ లైన్‌కు మారితే మాదాపూర్ దాకా రైలే. అక్కణ్నుంచి ఆటోలో కావూరి హిల్స్. స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ అక్కడుంది. ప్రభుత్వానిది. పెద్ద పెద్ద హాళ్లు. అవి కాక బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి లాంటి ప్రైవేటు గ్యాలరీలున్నాయి. అంత దూరం ఎందుకనుకుంటే రవీంద్రభారతి ఆవరణలో ఐసీసీఆర్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, చిక్కడపల్లి నుంచి ఒక్క బస్సు. ఏ గ్యాలరీకైనా ప్రదర్శన ఉందో లేదో, ఆదివారం తెరుస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. తాళం కప్ప చూసి తిరిగొస్తే పిల్లలు మళ్లీ రారు.

ఒక ప్రైవేటు గ్యాలరీ గాజు తలుపు ముందు వీడు ఆగిపోయాడు. చెప్పులు చూసుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు.

"టికెట్ ఎంత?"

"ఏం లేదురా, ఉత్తగనే."

"ఉత్తగనేనా? మరి ఎవ్వరు లేరేంది?"

లోపల ఏసీ చల్లదనం, మేం ఇద్దరం, టేబుల్ దగ్గర ఒక అమ్మాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నాలుగు ముక్కలు. ఎవరూ ఏం కొంటారని అడగరు. బొమ్మ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే అది అమ్ముడుపోయిందని. ఎచింగు కింద పెన్సిల్‌తో 7/25 అని రాసుంటే ఆ పలక మీద ఇరవై అయిదు ప్రతులే తీశారని, ఇది ఏడోదని. జింకు పలక మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీత ఉన్నచోట లోహాన్ని యాసిడ్ తినేస్తుంది. ఆ గాట్లలో ఇంకు నింపి కాగితం మీద ఒత్తుతారు. కె.లక్ష్మాగౌడ్ చేయి తిరిగింది ఇందులోనే. పల్లెలో మనిషి, మేక, చెట్టు ఒకదాంట్లోంచి ఒకటి మొలుచుకొచ్చినట్టుంటాయి. ("మెదక్, నిజాంపూర్, పద్మశ్రీ 2016" అన్నాడు పక్కనుంచి.) ధరల కాగితం చూసి మాత్రం, "నా హాస్టల్ ఫీజు ఎన్నేండ్లకు సరిపోతదో" అని గొణిగాడు.

లోపలి గదిలో తోట వైకుంఠం బొమ్మ ఒకటుంది. ఆయనా కరీంనగర్ వైపు బూరుగుపల్లి మనిషే. 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తీసుకున్నారు. పెద్ద బొట్టు, నిండు చీర, నల్లటి నిగనిగలాడే ఒళ్లు, పక్కచూపు. మన అమ్మమ్మలు, మేనత్తలే. క్యాలెండర్ల మీద, హోటళ్ల గోడల మీద నకళ్లు చూసీ చూసీ విసుగొచ్చిందనుకున్నాను. అసలుది వేరే.

వీడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను రెండు గదులు తిరిగొచ్చినా అక్కడే ఉన్నాడు.

"బిట్‌ల ఈ ఎరుపు లేదు చిన్నమ్మా" అన్నాడు.

బయటికొచ్చేముందు ఆ అమ్మాయి సందర్శకుల పుస్తకం ఇచ్చింది. పేరు, ఊరు రాశాడు. అభిప్రాయం గడిలో ఏం రాయాలో తెలియక ఆలోచించి, పెన్నుతోనే ఒక ఆడమనిషి తల గీశాడు, కొప్పు, బొట్టుతో సహా. ఆ అమ్మాయి చూసి నవ్వింది, "మీరు ఆర్టిస్టా అన్నా?" అని అడిగింది. వీడు కాదన్నాడు, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నానన్నాడు.

లామకాన్‌లో సమోసా, చాయ్ కానిచ్చి తిరిగొచ్చాం. బండరాళ్ల పక్కన పాత ఇంట్లో నడిచే ఆ చోట కుర్రాళ్లు గంటలకొద్దీ కూర్చున్నా లేవమనేవాళ్లు లేరు. అలాంటిదొకటి అశోక్‌నగర్‌లో ఎందుకు ఉండకూడదో నాకర్థం కాదు. ఊరుఊరంతా పిల్లలు వచ్చి పడి ఉన్న పేట అది. లైబ్రరీ దగ్గర ఒక్క గోడ వదిలేసి, నెలకొక చిత్రకారుడి బొమ్మలు పెట్టినా చాలు. సీటు కోసం లైన్లో నిలబడ్డవాళ్లు ఎలాగూ చూస్తారు.

చిక్కడపల్లి స్టేషన్లో దిగేసరికి ఏడున్నర. మెట్ల కింద స్టేషనరీ షాపు తీసే ఉంది. వాడు టెస్ట్ సిరీస్ జిరాక్సులు తీసుకుని, పది రూపాయల చార్ట్ పేపరు కూడా ఒకటి చుట్టించుకున్నాడు. ఎందుకని నేనూ అడగలేదు.