ఫ్రీమేసన్ల సోదరత్వం, వంకర పాదాల పసివాళ్లు

పదవీ విరమణ చేసిన వైద్యునికి సేవాసంఘాల ఆహ్వానాలకు కొదవ ఉండదు. శిబిరం పెడుతున్నాం, వచ్చి కూర్చోండి అంటారు. అటువంటి శిబిరాలలో నేను చాలాకాలం కూర్చున్నాను. వాటి వలన మేలు లేకపోలేదు. అయితే విరమణ తరువాత నేను చేరినది ఎవరూ ఆహ్వానించని సంఘంలో. ఫ్రీమేసన్ల సోదరత్వంలోకి రాదలచినవాడు తానే అడగాలన్నది వారి సంప్రదాయం. బెంగళూరులో స్థిరపడిన నా సహాధ్యాయి ఏళ్ల తరబడి అందులో సభ్యుడైనా, నేను అడిగేవరకు ఆ మాట ఎత్తలేదు. ఆయన లాడ్జిలో పిల్లల వైద్యానికి తోడ్పడే చిన్న సేవాబృందం ఉన్నదని తెలిసి నేనే అడిగాను.

“ఈ వయసులో మీకు రహస్య సంఘాలెందుకండీ?” అన్నది మా ఆవిడ. ఈ సందేహం చాలామందికి కలుగుతుంది కనుక కొంత వివరిస్తాను. ఫ్రీమేసన్ అంటే మూలార్థంలో రాతిపని మేస్త్రీ. లేపాక్షి స్తంభాలను చూస్తూ పెరిగిన మన ప్రాంతం వారికి రాతి మేస్త్రీ గొప్పతనం చెప్పనక్కరలేదు. మూలమట్టం, వృత్తలేఖిని వంటి అతని పనిముట్లను సత్ప్రవర్తనకు గుర్తులుగా తీసుకొని ఏర్పడినదీ సోదరత్వం. 1717లో లండనులో దీని తొలి గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. భారతదేశపు గ్రాండ్ లాడ్జి 1961 నవంబరు 24న నెలకొన్నది. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 1872 నుంచి మేసన్ల సమావేశ మందిరం. వివేకానందస్వామి సన్యసించక మునుపు, 1884లో, కలకత్తాలో ఒక లాడ్జిలో సభ్యులయ్యారు. పరమాత్మ ఉన్నాడని నమ్మాలి. ఏ మతమైనా ఫరవాలేదు. లాడ్జిలో మత, రాజకీయ వాదాలు నిషిద్ధం. పరస్పరం గుర్తుపట్టే సంకేతాలను బయటపెట్టరు గాని, మందిరం చిరునామాలోనూ సభ్యత్వంలోనూ దాపరికం లేదు. నేను సభ్యుడనని మా వీధివారికంతా తెలుసు. మూడు అంచెల దీక్ష ముగిసిన తరువాతనే సేవాబృందంలో నాకు పని అప్పగించారు.

ఈ సోదరత్వం నుంచి పుట్టిన సేవకు పెద్ద ఉదాహరణ అమెరికాలోని ష్రైనర్లు. మేసన్‌గా మూడవ అంచె దాటినవారికే అందులో ప్రవేశం. 1870 ప్రాంతంలో న్యూయార్కులో డాక్టర్ వాల్టర్ ఫ్లెమింగ్, నటుడు విలియం ఫ్లోరెన్స్ దానికి అంకురార్పణ చేసినప్పుడు ముఖ్యోద్దేశం సరదా, స్నేహం. 1920లో ఆ సంఘం ఒక తీర్మానం చేసింది. ప్రతి సభ్యుడూ ఏటా రెండు డాలర్లు ఇవ్వాలి. ఆ సొమ్ముతో పిల్లల ఎముకల వైద్యశాల కట్టాలి. పోలియో పిల్లలను కుంటివాళ్లను చేస్తున్న కాలమది. 1922లో ష్రీవ్‌పోర్టులో మొదటి ఆసుపత్రి తెరిచారు. తరువాత మరికొన్ని వచ్చాయి. కుటుంబానికి చెల్లించే స్తోమత ఉన్నదా లేదా అని చూడకుండా వాటిలో వైద్యం చేస్తారు. రెండు డాలర్లు పెద్ద మొత్తమేమీ కాదు. ప్రతి సభ్యుడూ, ప్రతి ఏడూ, తప్పనిసరిగా ఇవ్వాలన్న నియమంలోనే ఉన్నది దాని బలం.

ఆ నియమం విలువ మా సోమందేపల్లిలో నాకు బాగా తెలిసివచ్చింది. ఇది నేతపనివారి ఊరు. గుంటమగ్గం మీద నేసేవారికి చేతులెంతో పాదాలూ అంతే. అటువంటి ఒక ఇంట పుట్టిన ఆడబిడ్డకు రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందని అవ్వ బాధపడింది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. దాదాపు వెయ్యిమంది శిశువులలో ఒకరికి ఇలా వస్తుంది. దీనినే క్లబ్‌ఫుట్ అంటాం.

దీనికి చక్కని చికిత్స ఉన్నది. ఇగ్నాసియో పొన్సేటి అనే వైద్యుడు అమెరికాలోని అయోవాలో రూపొందించిన పద్ధతి అది. పుట్టిన కొద్దివారాలలో మొదలుపెట్టి, వారానికొకసారి పాదాన్ని మెల్లగా సరిచేస్తూ పిండికట్లు వేస్తారు. సాధారణంగా ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామందికి మడమ వెనుక బిగుసుకున్న స్నాయువును చిన్న గాటుతో సడలించవలసి ఉంటుంది. అందరూ సంతోషించేది, ఫోటోలు తీసుకునేది అప్పుడే. అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. కడ్డీతో కలిపిన ప్రత్యేకమైన బూట్లను మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ల వయసు వచ్చేవరకు నిద్రవేళల్లో తొడగాలి. మానివేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది.

మా పాప విషయంలో జరిగినదదే. రాత్రుళ్లు ఏడుస్తున్నదని ఆరు నెలలకే బూట్లు తీసివేశారు. పెరిగిన పాదానికి కొత్త జత కొనాలి. చూపించుకోవడానికి వెళ్లిన రోజు మగ్గం ఆగుతుంది, కూలి పోతుంది. తల్లిదండ్రులను నిందించి ప్రయోజనం లేదు. మా బృందం రెండవసారి కట్లు వేయించి, బూట్లకూ బస్సు చార్జీలకూ ఏర్పాటు చేసింది. వారం వారం ఫోను చేసే పని నాకు అప్పగించింది. లాడ్జి సమావేశంలో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అందరి ఎదుట చెప్పాలి. ‘ఈ నెల కుదరలేదు’ అనడం అక్కడ తేలిక కాదు. దీక్షలోని తంతులకు అర్థమేమిటని నన్ను అడిగేవారికి ఇదే చెబుతాను: మనిషిని మాటకు కట్టిపడవేయడం. ఆ పాపకిప్పుడు నాలుగేళ్లు దాటాయి. అంగన్‌వాడీకి పరుగెత్తి వెళుతున్నది.

పాఠకులందరూ మేసన్లు కావాలని నా ఉద్దేశం కాదు. ఇటువంటి లాడ్జిలలో పురుషులకే ప్రవేశం, చందాలూ ఉంటాయి, అందరికీ నప్పదు. మీరు చేరదలచినది ఏ సేవాసంఘమైనా సరే, ముందు దాని జమాఖర్చులు చూపమనండి. రోగుల ఫోటోలను ప్రచారానికి వాడుకుంటారేమో గమనించండి. పోయిన ఏడాది సాయం పొందినవారు ఇప్పుడెలా ఉన్నారని అడగండి. దీనికి జవాబు చెప్పగలిగిన సంఘంలో నిస్సందేహంగా చేరవచ్చు.

చివరగా ఒక వైద్యునిగా మనవి. ఇంట బిడ్డ పుట్టినప్పుడు పాదాలను ఒకసారి పరీక్షగా చూడండి. లోపలికి తిరిగి, చేత్తో నిమిరినా సరికాకపోతే ఆశా కార్యకర్తకు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపాన్ని గుర్తించి చికిత్సకు పంపే ఏర్పాటున్నది. బూట్లు తొడిగే కాలంలో మాత్రం పొరుగువారిగా మీరే అప్పుడప్పుడూ వెళ్లి పలకరించండి.