పర్సులో చీటీ

యుద్ధ నాయకుల గురించి చదివినప్పుడల్లా నా మనసు 1944 జూన్ 5 దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లండులో లక్షన్నరకు పైగా సైనికులు నార్మండీ దాడికి సిద్ధంగా ఉన్నారు. గాలివానకు అప్పటికే ఒకరోజు వాయిదా పడింది. మంగళవారం కాస్త తెరిపి ఇవ్వొచ్చని వాతావరణ అధికారి స్టాగ్ చెప్పాడు. ఆ మాట మీదే మిత్రరాజ్యాల దళాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ సరేనన్నాడు.

తర్వాత పెన్సిలుతో ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు: దాడి విఫలమైతే తప్పంతా తన ఒక్కడిదేనని. ఎంత ఒత్తిడిలో ఉన్నాడో ఏమో, జూన్‌కు బదులు జులై అని తేదీ వేశాడు! గెలుపు ప్రకటన ఎవరైనా రాసిపెట్టుకుంటారు. ఓటమిని ముందే తన ఖాతాలో వేసుకున్నవాడే నా దృష్టిలో నాయకుడు. అలా వేసుకోగలిగాడు కాబట్టే అంత సందిగ్ధంలోనూ నిర్ణయం తీసుకోగలిగాడని నా నమ్మకం.

ఆ చీటీ అవసరం పడలేదు. ఇప్పుడది కాన్సాస్‌లో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయంలో భద్రంగా ఉంది.