వసంతంలో వనయాత్ర

యాత్ర అనగానే మనలో చాలామందికి ముందుగా స్ఫురించేవి పుణ్యక్షేత్రాలు. ఆ తరువాత చల్లని కొండప్రాంతాలు. ఎల్.టి.సి. మంజూరైన ప్రతిసారీ మా ఇంట కూడా చర్చ తిరుపతి, కాశీ, ఊటీల మధ్యనే సాగేది. ఈసారి మాత్రం ఉగాది సమయానికి సొంత కారులో బయలుదేరి మధ్యభారతంలోని మూడు జాతీయ ఉద్యానవనాలను చూసి రావాలని మేము సంకల్పించాము. మహారాష్ట్రలోని తాడోబా, ఆ రాష్ట్రానికీ మధ్యప్రదేశ్‌కూ సరిహద్దున ఉన్న పెంచ్, మధ్యప్రదేశ్ లోపలి కన్హా - ఇదీ వరుస. హైదరాబాదు నుంచి పోయి రావడానికి సుమారు 1,600 కిలోమీటర్లు, ఎనిమిది రోజులు. ప్రయాణం ఇంకా ముందున్నది. అయినా సన్నాహంలోనే మేము తెలుసుకున్నది కొంత ఉన్నది. సహోద్యోగ మిత్రులకు, వారి కుటుంబాలకు ఉపకరించగలదన్న ఆశతో దానిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఏ ఋతువులో వెళ్ళాలన్నది మొదటి ప్రశ్న. జూలై నుంచి సెప్టెంబరు వరకు వానల కారణంగా అడవి నడిబొడ్డుకు దారితీసే ద్వారాలు మూసి ఉంటాయి. పులిని చూసి తీరాలన్న పట్టుదల గలవారు ఏప్రిల్, మే నెలలను మెచ్చుకుంటారు. అప్పటికి ఆకు రాలి అడవి పలచబడుతుంది. వాగులెండి నీటిగుంటలు కొన్నే మిగులుతాయి. దప్పిక తీర్చుకోవడానికి జంతువులు అక్కడికి రాక తప్పదు. కాని చంద్రపూర్ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం సాధారణం. మాతో వచ్చేవారిలో 76 ఏళ్ళ మా అమ్మగారు ఉన్నారు. కాబట్టి ఎండ ముదరక ముందే వెళ్ళాలని నిశ్చయించాము. అది మోదుగ పూచే కాలం, ఇప్పపూలు తెల్లవారుజామున నేల రాలే కాలం. తాడోబా, పెంచ్ అడవులలో టేకు ఆకు రాల్చి మోడై నిలుస్తుంది. తపసి చెట్ల తెల్లని బోదెలు దూరానికే కనిపిస్తాయి. కన్హాలోని సాలవృక్షాలు మాత్రం అదే సమయానికి కొత్త చిగురు తొడుగుతాయి. ఒకే ప్రయాణంలో శిశిరమూ వసంతమూ రెండూ చూడవచ్చునన్నమాట.

మా వృత్తి ఇంజనీరింగు. పెర్ట్ పటం గీయనిదే ఏ పనీ మొదలుపెట్టలేము. భోజనాల బల్లపై కాగితం పరచి కూర్చున్న తరువాత తెలిసినదేమంటే, ఈ పనిలో కీలక మార్గం మా సెలవు మీదుగా గాని, కారు మీదుగా గాని పోవడం లేదు. అడవి ద్వారం మీదుగా పోతున్నది. ఒక్కొక్క ద్వారం నుంచి పూటకు ఇన్ని వాహనాలనే పంపాలన్న పరిమితి ఉన్నది. ఆ అనుమతులను ముందుగానే కంప్యూటరు ద్వారా పొందాలి. అప్పుడిచ్చిన గుర్తింపు పత్రం అసలు ప్రతినే ద్వారం వద్ద చూపాలి. సొంత కారును బయటే నిలిపి, అక్కడ నమోదైన జీపులో, స్థానిక గైడును వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాలి. తాడోబాకు మంగళవారం సెలవు. మధ్యప్రదేశ్ ఉద్యానవనాలకు బుధవారం మధ్యాహ్నం సెలవు. ఈ రెండూ తప్పించడానికి మా పటాన్ని మూడు మార్లు తిరగగీయవలసి వచ్చింది. చీకటి పడిన తరువాత అడవి దారిలో కారు నడపరాదన్న నియమం పెట్టుకోవడంతో రోజువారీ దూరాలు కూడా తగ్గాయి. స్టెప్నీ టైరు, జాకీ, మంచినీళ్ళ క్యాను, దోమతెర, టార్చిలైటు, అమ్మగారి మందులు - ఈ జాబితా పని మా శ్రీమతి స్వీకరించారు. అది మా పటం కంటె ముందే పూర్తయింది.

గుడారంలో ఒక రాత్రయినా గడపాలన్నది మా అమ్మాయి కోరిక. జాతీయ ఉద్యానవనం లోపల ఎవరికి తోచిన చోట వారు గుడారం వేసుకోవడానికి వీలులేదు. అడవి అంచు గ్రామాలలో, అనుమతి పొందిన ఆవరణలలో మాత్రమే అటువంటి బస దొరుకుతుంది. మేము అందుకు పెంచ్ ప్రాంతాన్ని ఎన్నుకున్నాము. మహారాష్ట్ర వైపున్న పెంచ్ పులుల అభయారణ్యం 2024 జనవరిలో దేశంలోనే మొదటి ‘డార్క్ స్కై పార్కు’గా గుర్తింపు పొందింది. చుట్టుపట్ల వీధిదీపాల వెలుగు ఆకాశానికి ఎగబాకకుండా కట్టడి చేసి, రాత్రి చీకటిని కాపాడుతున్నారు. చుక్కలు చూడాలంటే చంద్రుడు ఉండరాదు. ఉగాది ముందటి రాత్రి ఎలాగూ అమావాస్యే! ఆ రాత్రి తొమ్మిది, పది గంటల వేళ పడమట మృగశిర వాలుతూ, నడినెత్తికి చేరువగా సింహరాశి, ఉత్తరాన సప్తర్షి మండలం కనిపించాలి.

పంచాంగం ఇంత చక్కగా సహకరించినా ఇంట్లో సమ్మతి అంత తేలికగా రాలేదు. “సంవత్సరాది నాడు గడపకు పసుపు లేకుండా, గుమ్మానికి తోరణం లేకుండా అడవిలో ఉంటామా?” అని అమ్మగారు ప్రశ్నించారు. దానికి తోడు ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య వరకు అక్కడ అగ్ని ప్రమాదాల కాలం. ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ చాలు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చినప్పుడు కూడా మంట అడవికి పాకుతుంటుంది. కాబట్టి చలిమంట, పొయ్యి వంటివి తలపెట్టరాదు. రెండు రోజులపాటు ఆ ప్రసక్తే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. గుడారం మానుకుందామని మేము నిర్ణయానికి వచ్చేంతలో అమ్మగారే అన్నారు: “ఉగాది పచ్చడికి పొయ్యెందుకురా? చింతపండు, బెల్లం, మామిడికాయ ఇంటినుంచి తీసుకుపోదాం. ఆ ఊళ్ళో ఒక్క వేపచెట్టయినా ఉండకపోదు.” దానితో మా పటంలో మిగిలిన ఒకే ఒక ఖాళీ గడి నిండింది.

దారి గీస్తున్నప్పుడే మరొక విషయం మా దృష్టికి వచ్చింది. మేము పోదలచిన దారిలోనే పులులకూ దారులున్నాయి. తాడోబా వైపు నుంచి మన ఆదిలాబాదు అడవులకు, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాలు వైపుకు అవి వస్తుంటాయి. పెంచ్, కన్హాల మధ్య కూడా రాకపోకలున్నాయి. వయసు వచ్చిన మగపులి తల్లిని విడిచి సొంత తావు వెదుక్కోవాలి. 2019లో మహారాష్ట్రలోని టిప్పేశ్వర్ అభయారణ్యం నుంచి బయలుదేరిన ఒక పులి, మెడకు రేడియో పట్టీతో, పొలాలు, రోడ్లు దాటుతూ, మన ఆదిలాబాదు ప్రాంతాన్ని కూడా తొక్కి, 1,300 కిలోమీటర్లకు పైగా నడిచి బుల్ఢానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. మేము వినోదం కోసం తిరగబోయేది 1,600 కిలోమీటర్లు. అది బతుకు కోసం నడిచినది ఇంచుమించు అంత.

ఆ దారులలో అడ్డంకులు అనేకం. చంద్రపూర్ చుట్టూ బొగ్గు గనులున్నాయి, థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. ఆ బొగ్గు, ఆ విద్యుత్తు లేనిదే మన యంత్రాలు తిరగవు, మన ఇళ్ళలో దీపం వెలగదు. ప్రభుత్వరంగంలో పనిచేస్తూ వాటిని నిందించడం మాకు సమంజసంగా తోచదు. అలాగని పులి గోడు మనది కాదనీ అనలేము. ఈ రెంటి మధ్య ఇంజనీరు చేయగలిగినదేమిటో చెప్పే ఉదాహరణ పెంచ్ వద్దనే ఉన్నది. నాగపూర్ నుంచి జబల్పూర్ దిశగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ అడవిని చీల్చుకుంటూ పోతుంది. దాని విస్తరణపై ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. చివరకు మహారాష్ట్ర భాగంలో రహదారిని తొమ్మిది చోట్ల స్తంభాలపైకి ఎత్తి, కింద జంతువులకు దారి విడిచారు. ఆ మార్గాల వెడల్పు 50 మీటర్ల నుంచి 750 మీటర్ల వరకు ఉన్నది. అక్కడ అమర్చిన కెమెరాలలో దుప్పులతోపాటు రేచుకుక్కలు, పులులు కూడా నమోదయ్యాయి. పైన లారీలు, కింద పులి! ఇంతకాలం మేము గీసిన డ్రాయింగులలో నీటికి తూము విడిచాము, తీగలకు గొట్టం విడిచాము. జంతువుకు దారి విడిచిన నిర్మాణంపై ప్రయాణించడం ఇదే ప్రథమం కాబోతున్నది. అక్కడ కారు ఆపరాదు, నెమ్మదిగా దాటుతాము.

చివరి మజిలీ కన్హా. గట్టినేలపై తిరిగే బారసింగా జింకలు 1970 నాటికి అక్కడ 66 మాత్రమే మిగిలాయి. కంచె వేసిన ఆవరణలో పెంచి, పచ్చిక బయళ్ళను కాపాడడంవల్ల ఆ జాతి తిరిగి వందల సంఖ్యకు చేరింది. అయితే ఆ బయళ్ళలో కొన్ని ఒకప్పుడు ఊళ్ళు, పొలాలు. బైగా, గోండు కుటుంబాలు అక్కడి నుంచి తరలిపోవలసి వచ్చింది. మనం టికెట్టు కొని చూసే పచ్చదనానికి వారు చెల్లించిన వెల వేరు. అందుచేత బస, భోజనం వీలైనంతవరకు అడవి అంచు గ్రామస్థుల వద్దనే ఏర్పాటు చేసుకోవాలని, అందుకు ఖర్చు కొంత పెరిగినా సరేనని ఇంటిల్లిపాదీ అంగీకరించాము.

ఇక పులి సంగతి. నాలుగు జీపు యాత్రలకు అనుమతి దొరికింది. పులి దర్శనాన్ని మాత్రం మా పటంలో ఎక్కడా మజిలీగా చూపలేదు. అడవిదున్న, రేచుకుక్క, బారసింగా, తపసి చెట్టు - ఇలా 20 పేర్లతో మా అమ్మాయి వేరే జాబితా రాసుకున్నది. అందులో పులి చివరిది.

ఈ పటం నకలు కావలసిన మిత్రులు మమ్మల్ని అడిగి తీసుకోవచ్చు. తేదీలు ఎవరికి వారు మార్చుకోవలసి ఉంటుంది. తాడోబాకు మంగళవారం సెలవన్న సంగతి మాత్రం మరువరాదు.