కూత తెగిందని ఎవరన్నారు?

మాది కాట్రేనికోన అనగానే చాలామంది సంక్రాంతి కోడిపందేల గురించి అడుగుతారు. నాకు మాత్రం సంక్రాంతి అంటే చెడుగుడే. వరి కోసిన చేలో మోళ్ళు చెక్కి, నేల చదును చేసి, సున్నంతో గీతలు వేసేవారు. కనుమ నాడు సాయంత్రం పెద్ద ఆట. మా ఊరి జట్టుకీ ముమ్మిడివరం వైపు నుంచి వచ్చే జట్టుకీ ఎన్నేళ్ళుగా పోటీయో ఎవరికీ గుర్తులేదు. మగవాళ్ళు గీత చుట్టూ కూర్చునేవారు. ఆడవాళ్ళం కాలవ గట్టు మీద, కొబ్బరిచెట్ల కింద నిలబడి చూసేవాళ్ళం. గట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆట మాకే బాగా కనిపించేది.

1986 సంక్రాంతి ఆట నాకు బాగా గుర్తు. ఆఖరి కూతకు మా ఊరి కుర్రాడు వెళ్ళాడు. ఇద్దరిని తాకి, కాలు పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చి నడిమి గీత మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే ఈల మోగింది. "కూత తెగింది, అవుట్" అన్నారు విజిల్ పట్టుకున్న పెద్దాయన. ఆయనదీ మా ఊరే. సొంత ఊరని చూడకుండా చెప్పాడు, ధర్మాత్ముడు అని కొందరన్నారు. అవతలి ఊళ్ళో వియ్యంకుడున్నాడు, అమ్ముడుపోయాడు అని ఎక్కువమంది అన్నారు.

ఆ వాదన ఉగాది దాకా సాగింది. టీ కొట్టు దగ్గర, చెరువు రేవులో, సెలూన్లో అదే మాట. ఒకాయన నేల మీద పడుకుని మరీ చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో చూపించేవాడు. "కూత ఆగడం వేరు, వినపడకపోవడం వేరండీ" అని బడిలో లెక్కల మాస్టారు తేల్చారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఆట రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ కూడా అదే అంది. "కూత తెగలేదు. జనం గోలలో వినపడలేదంతే. నేను చూస్తానే ఉన్నాను, వాడి పెదాలు ఆడతానే ఉన్నాయి." నాన్న తల ఎత్తలేదు. "నీకేం తెలుసు" అని కూడా అనలేదు. అంటే కనీసం జవాబైనా అయ్యేది. మాస్టారు రెండు వారాల తర్వాత చెప్పిన మాట అమ్మ అదే రోజు చెప్పిందని ఆ ఊళ్ళో నాకూ అక్కకీ తప్ప ఎవరికీ తెలియదు.

నాకూ చెడుగుడు వచ్చు. బడిలో ఆడపిల్లల జట్టులో కూతకు నేనే వెళ్ళేదాన్ని. ఆ ఏడాదే పెద్దమనిషినయ్యాను. పదకొండో రోజు స్నానం చేయించి, కొత్త లంగా ఓణీ కట్టి, బంతి పూలు పెట్టారు. ఆ తర్వాత ఆటకు వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు. తెలుగులో ఈ మాట ఎంత విచిత్రమైందో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే బరిలోంచి ఇంట్లోకి వస్తుంది. మగవాడు పెద్దమనిషి అయితే నలుగురిలో కూర్చుని తీర్పులు చెబుతాడు. మాట ఒక్కటే.

ఆ మాఘమాసంలోనే అక్క పుట్టింటికి వచ్చేసింది. పెళ్ళై రెండేళ్ళు కాలేదు. ఇవ్వాల్సిన కట్నంలో కొంత మిగిలిపోయింది, దాని కోసం కొడుతున్నారు. వీపు మీద దెబ్బలు నాకు చూపించింది, అమ్మకు చూపించింది. అప్పటికి అక్కకు మూడో నెల. నాన్న కట్నం బాకీ గురించే బాధపడ్డాడు. 498ఎ సెక్షన్ 1983లోనే వచ్చింది. మా ఇంట్లో ఆ అంకె ఎవరూ విని ఉండరు. మా ఇళ్ళల్లో ఇలాంటివి తగవు పెట్టి తేల్చుకోవాలి.

మా అరుగు మీద తగవు పెట్టారు. ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. మధ్యలో కూర్చున్నది చెడుగుడుకు ఈల ఊదిన పెద్దాయనే. బావ, వాళ్ళ నాన్న, మేనమామ ఒక పక్కన కూర్చున్నారు, మా నాన్న ఇంకో పక్కన. అమ్మ, అక్క, నేను తలుపు వెనక ఉన్నాం. బావ వైపు వాళ్ళు చాలాసేపు మాట్లాడారు. "ఏమ్మా, నువ్వేం చెబుతావు?" అని చివరికి అడిగారు. అక్క తలుపు దాటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు చెప్పేసరికి ఏడుపొచ్చి గొంతు పూడుకుపోయింది. ఆయన కాసేపు చూసి, "సరేలే, లోపలికెళ్ళమ్మా. చిన్నపిల్ల, బెంగ పెట్టుకుంది" అన్నారు. బాకీ డబ్బు పంట చేతికొచ్చాక ఇవ్వాలి, పిల్లని శుక్రవారం పంపించాలి. అదీ తీర్పు. అమ్మ కాఫీలు ఇచ్చింది.

మర్నాడు నన్ను పంచదారకు పంపితే టీ కొట్టు పక్క నుంచి వెళ్ళాను. అక్కడ ఇంకా ఆ కూత గురించే పోట్లాడుకుంటున్నారు. ఆ పెద్దాయన్నే పట్టుకుని కడిగేస్తున్నారు. ముందు రోజు ఆయన చెప్పిన రెండో తీర్పు గురించి అక్కడ ఒక్కరూ మాట్లాడలేదు. అందరికీ తెలుసు. మా అరుగు వీధిలోనే ఉంది కదా. ఆటలో ఆయన పక్షపాతి అని నిలబెట్టి అడగగలిగిన ఊరు, మా అక్క విషయంలో ఆయన మాటను తీర్పు అని కూడా అనుకోలేదు. అది సర్దుబాటు. సర్దుబాటు మీద వాదన ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఊరి చెడుగుడు జట్టులో పేట కుర్రాళ్ళు ఉండేవారు. జట్టు గెలిచేదే వాళ్ళ వల్ల. కానీ ఈల పట్టుకోవడానికి గానీ, అరుగు మీద తగవు తీర్చడానికి గానీ వాళ్ళ నాన్నలనెవరినీ పిలిచిన గుర్తు లేదు. ఆడటానికి పనికొచ్చినవాళ్ళు, తీర్పు చెప్పడానికి పనికిరాలేదు.

అక్క వెళ్ళింది. ఆ తర్వాత పదేళ్ళు ఎలా గడిపిందో అది అక్క చెప్పుకోవాల్సిన కథ, నాది కాదు. 1996 నవంబరు తుపానులో కొబ్బరితోటలన్నీ కూలిపోయాక కొడుకుని తీసుకుని వచ్చేసి మళ్ళీ వెళ్ళలేదు. ఈసారి తగవు పెట్టనివ్వలేదు. కుట్టుమిషను మీద బతికింది.

ఆ కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను మా కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. ముందు రోజే అమ్మ కోసం పరుగెత్తుకొచ్చాడు, నేనూ వెళ్ళాను. కరెంటు పోయి, కొవ్వొత్తి వెలుగులో కూర్చున్నాం. అప్పటికి వారం కిందట జరిగిన ఆట గురించి వాడు ఇంకా రగిలిపోతున్నాడు. బ్యూనస్ ఎయిరిస్‌లో బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ అని రెండు క్లబ్బులున్నాయట. ఒకే నగరం, వందేళ్ళకు పైబడిన వైరం. దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు కోపా లిబర్తదోరెస్ ఫైనల్లో మొదటిసారి ఆ రెండే ఎదురుపడ్డాయి. మొదటి ఆట 2-2. రెండో ఆటకు వస్తున్న బోకా బస్సు మీద రివర్ అభిమానులు రాళ్ళేశారు, ఆటగాళ్ళకు గాయాలయ్యాయి. చివరికి సముద్రం దాటి స్పెయిన్‌లో, మాడ్రిడ్‌లో డిసెంబరు 9న ఆడించారు. స్పెయిన్ నుంచి విముక్తి చేసిన వీరుల పేరు మీద ఉన్న కప్పు అది! అదనపు సమయం మొదలవగానే బోకా ఆటగాడు బారియోస్‌కు రిఫరీ రెండో పసుపు కార్డు చూపించి పంపేశాడు. పదిమందితో మిగిలిన బోకా 3-1తో ఓడింది.

"అది కార్డు ఇవ్వాల్సిన తప్పే కాదు పిన్నీ! అన్యాయం!" అన్నాడు వాడు. వాడి గొంతులో నిజమైన బాధ ఉంది. నేను అక్క వైపు చూశాను. అక్క కొవ్వొత్తి ఒత్తి సరిచేస్తోంది. కడుపులో తానుండగా ఈ అరుగు మీదే ఒక తీర్పు జరిగిందని వాడికి తెలియదు.

వాణ్ణి తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి అన్యాయం జరిగిందని బాధపడగలగడం మంచి గుణమే. నాకు తోచిన సందేహం వేరు. ఆ బాధ ఎవరి మీదికి వెళ్ళాలో, ఎవరి మీదికి వెళ్ళక్కర్లేదో మనకి ఎవరు నేర్పారు?

ఆ తర్వాత నేను దక్షిణ అమెరికా గురించి చదివాను. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం మీద ప్రభుత్వ నిషేధం ఉంది. ఆ కాలంలోనే లేయా కాంపోస్ అనే ఆవిడ, ఆడనివ్వకపోతే ఆడిస్తాను అనుకుని 1967లో రిఫరీ కోర్సు పూర్తిచేసింది. క్రీడా సమాఖ్య ఆమెకు అనుమతి ఇవ్వలేదు. బహిష్టు వల్ల ఇబ్బంది అని కూడా తనకు చెప్పారని ఆమె తర్వాత చెప్పుకుంది. 1971 దాకా పోరాడి గానీ ఈల ఊదలేకపోయింది. ఆ బహిష్టు మాట చదివినప్పుడు నాకు నా పదకొండో రోజు స్నానం గుర్తొచ్చింది. ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి కోనసీమ! అదే బ్రెజిల్ నుంచి 2021లో ఎదీనా ఆల్వెస్ మగవాళ్ళ క్లబ్ ప్రపంచ కప్‌లో ఒక ఆటకు ప్రధాన రిఫరీగా నిలబడింది. మన గోదావరి జిల్లా కూడా ఏమీ తక్కువ కాదు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసిసి మ్యాచ్ రిఫరీల జాబితాలో చేరిన మొదటి మహిళ. అదే ఏడాది డిసెంబరులో మగవాళ్ళ వన్డేకు రిఫరీగా ఉన్న మొదటి మహిళ కూడా ఆవిడే.

ఇవి చదివి సంతోషించాను. కానీ ఈల ఆడవాళ్ళ చేతికి వస్తే చాలదని కూడా అనిపించింది. మన తెలుగువాళ్ళకు పందెం గెలుపోటముల మీద అన్నిటికంటే పెద్ద వాదన పల్నాటి కోడిపందెం. ఓడిన పక్షం ఏడేళ్ళు ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. ఆ పందెంలో నాగమ్మ మోసం చేసి గెలిచిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. మంత్రిగా రాజ్యం నడిపిన ఆడది న్యాయంగా గెలిచి ఉండవచ్చునన్న ఊహ కూడా మన కథల్లోకి రాలేదు. ఆడవాళ్ళు గెలిస్తే మోసం, ఏడిస్తే బెంగ.

2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒకే రోజు రెండు కబడ్డీ ఫైనల్స్ జరిగాయి. మగవాళ్ళ ఆటలో ఇరాన్‌తో 28-28 దగ్గర పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా లాబీలోకి వెళ్ళడం, వెనకే ఇరాన్ వాళ్ళు వెళ్ళడం మీద గొడవై ఆట గంటసేపు ఆగింది. పాత నియమమా కొత్త నియమమా అని మా బంధువుల ఇళ్ళల్లో నెలరోజులు అదే చర్చ. చివరికి మనవాళ్ళు 33-29తో గెలిచారు. ఆ ఉదయమే మన ఆడపిల్లలు చైనీస్ తైపీ మీద 26-25తో, ఒక్క పాయింటు తేడాతో స్వర్ణం గెలిచారు. ఆ క్రీడల్లో మన దేశానికి అది నూరో పతకం. ఒక్క పాయింటు ఆటలో వాదించుకోవడానికి ఎన్ని కూతలుంటాయి! వాదించినవాళ్ళు నాకెవరూ కనపడలేదు. అక్క ఒక్కతే ఫోన్ చేసి, "చూశావంటే? ఒక్క పాయింటే!" అంది.

మొన్న సంక్రాంతికి అరుగు మీద కూర్చున్నప్పుడు నేనే ఆ పాత తగవు ప్రస్తావన తెచ్చాను. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. అక్క కొడుకు కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నవాడు తలెత్తాడు. మొదటిసారి విన్నాడు. వాడికి అలవాటైన ప్రశ్నలే వేశాడు. ఎవరు తీర్పు చెప్పారు? రెండో వైపు ఎవరున్నారు? అమ్మ చెప్పింది మొత్తం విన్నారా? తప్పని ఎవరూ అనలేదా? ఆఖరికి, "మరి నువ్వెక్కడున్నావు పిన్నీ?" అన్నాడు.

తలుపు వెనక ఉన్నానని చెప్పాను. అంతా చూశాననీ, మర్నాడు టీ కొట్టు పక్క నుంచి పంచదార పొట్లం పట్టుకుని వచ్చేశాననీ చెప్పాను. అప్పటికి నాకు పదమూడేళ్ళు. అది సమాధానం కాదని నాకే తెలుసు. తర్వాత ముప్పయి తొమ్మిది, నలభై ఏళ్ళు వచ్చినప్పుడు కూడా అడగలేదు కదా.

అక్క చాలాసేపు ఊరుకుంది. తర్వాత అంది, "ఏడుపొచ్చి ఆగానంతే. చెప్పడం అయిపోలేదు. ఆయన అయిపోయిందన్నాడు."

ఇది రాయనా అని అడిగాను. "ఆయన పేరెందుకులే. నేను చెప్పింది రాయి" అంది. కొడుకు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆ రోజు ఇంకేం చెప్పాలనుకున్నావమ్మా?" అని అడిగాడు. అక్క మొదలుపెట్టింది. మేమిద్దరం మధ్యలో మాట్లాడలేదు.